ముంబై నుంచి హైదరాబాద్ ఎంత దూరం?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చదవండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి.

ముంబై నుంచి హైదరాబాద్ ఎంత దూరమని ఫోన్‌ని అడిగితే మూడు జవాబులు వస్తాయి. విమానం పోయే గీత పట్టుకుంటే సుమారు 620 కిలోమీటర్లు. రోడ్డు మీద పుణె, సోలాపూర్ మీదుగా పోతే 710 దాకా. రైల్లో అయితే 790. వేళలు కూడా అంతే. విమానం 1 గంట 25 నిమిషాలు, అటూ ఇటూగా. బస్సు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు. హుసేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకు నాంపల్లి. అవే రెండు ఊళ్లు, దూరాలు మాత్రం మూడు.

మన ముత్తాతల్ని అడిగి ఉంటే నాలుగో జవాబు చెప్పేవాళ్లు: "నెల."

సంఘం పాత కాగితాలు సర్దే పనిలో ఉన్న మేము నలుగురం ఈ నాలుగు జవాబుల మధ్య ఏం జరిగిందో ఒక చోట పెట్టాలని కొన్నాళ్లుగా అనుకుంటున్నాం. ఎందుకన్నది చివర్లో చెప్తాం, సంఘం డబ్బుతో ముడిపడిన సంగతి అది.

రైలు రాకముందు మన పెద్దలు దూరాన్ని ఆమడల్లో చెప్పారు, కోసుల్లో చెప్పారు, అన్నిటికన్నా ఎక్కువ మజిలీల్లో చెప్పారు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్లు. మజిలీ అంటే కొలత కాదు, రాత్రికి ఎక్కడ ఆగుతామన్న సంగతి. అక్కడ నీళ్లుండాలి, సత్రమో చెట్టో ఉండాలి, దొంగల భయం ఉండకూడదు. సామాను నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని నడిచే కుటుంబం రోజుకు రెండు ఆమడలు నడిస్తే గొప్ప. ఇప్పటి రోడ్డు లెక్కనే తీసుకున్నా హైదరాబాద్ నుంచి బొంబాయికి 55 ఆమడలు. అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది రోజులు. మధ్యలో ఒక పిల్లకు జ్వరమొస్తే, ఒక వాగు పొంగితే ఆ లెక్క కూడా పోయినట్టే.

అప్పటి ప్రయాణం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చూడాలి. మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి అయిన ఆయన 1830 మే నెలలో బయల్దేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబర్‌లో మద్రాసు చేరారు. పల్లకీలు, బోయీలు, వంటవాళ్లు, గుడారాలు అన్నీ ఉన్న పెద్దమనిషి. ఆయనకే అంత కాలం పట్టింది. మన దారిన వచ్చినవాళ్లకు పల్లకీ లేదు. తట్టా పారా పట్టుకునే చేతులకు దినచర్య రాసే తీరిక ఎక్కడిది? అందుకే వాళ్లు రాసిన పుస్తకం లేదు, వాళ్లు కట్టిన ఊరు ఉంది.

ఆ కట్టినవాళ్లే కామాటీలు. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి 18వ శతాబ్దం చివరి నుంచే బొంబాయికి వచ్చి, బురద నేలలు పూడ్చే పనిలో, రోడ్లు వేసే పనిలో, ఇళ్లు కట్టే పనిలో చేరారు. వాళ్లు గుంపుగా ఉన్న చోటే కామాటిపురా అయింది. ఈ రోజు ఆ పేరు చెప్తే సినిమాలు చూసినవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు మనకు కొత్త కాదు. కానీ ఆ పేరు మొదట ఒక వృత్తికి, ఒక భాషకు సంబంధించిందని మన పిల్లలకైనా తెలియాలి. ఆ కూలీల్లోంచే తర్వాత పెద్ద కాంట్రాక్టర్లు వచ్చారు. మహాత్మా ఫులే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో జాయా కరాడి లింగు, వెంకు బాలాజీ కాలేవార్ లాంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఇంటిపేరు చివర మరాఠీ తోక చేరింది గాని ముందు భాగం మనదే. దాని మీద ఇంకోసారి రాస్తాం, ఇప్పుడు దారి మీద ఉందాం.

దారిలో అన్నిటికన్నా కష్టమైన భాగం దూరం కాదు, ఘాట్. పుణె దాకా దక్కన్ పీఠభూమి, ఆ తర్వాత ఖండాలా దగ్గర నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. దాన్ని దిగితే గాని కొంకణం రాదు, బొంబాయి రాదు. భోర్ ఘాట్ మీద బండ్లు పోయే రోడ్డు వేయించి 1830 నవంబర్‌లో తెరిచినవాడు బొంబాయి గవర్నర్ సర్ జాన్ మాల్కం. వీరాస్వామయ్య గారు కాశీ దారిలో ఉన్న రోజులే అవి. అంతకు ముందు ఆ కొండ మీద సరుకు ఎద్దుల వీపు మీద, మనిషి నెత్తి మీద మాత్రమే దిగేది.

ఇక రైలు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు మొదటి ప్రయాణికుల బండి నడిచిందని బడి పిల్లలకు కూడా తెలుసు. మనకు కావలసింది దాని తర్వాతి కథ. 1858లో పుణె నుంచి ఖండాలా దాకా పట్టాలు సిద్ధమయ్యాయి. ఘాట్ కింద ఖోపోలీ దాకా ఇటు పట్టాలు వచ్చేశాయి. మధ్యలో కొండ మిగిలిపోయింది. ఐదేళ్ల పాటు జనం ఖండాలాలో రైలు దిగి, పల్లకీల్లో, గుర్రాల మీద, బండ్లలో కొండ దిగి, కింద మళ్లీ రైలెక్కారు. 1863లో ఘాట్ మీది పట్టాలు తెరుచుకున్నాయి. 15 మైళ్ల పొడవు, 25 సొరంగాలు, 37 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కే వాలు. రోగాలకు, ప్రమాదాలకు అక్కడ వేలమంది కూలీలు చనిపోయారు. మనం పుణె బండిలో కిటికీ పక్కన వడాపావ్ తింటూ ఆ సొరంగాలు లెక్కపెడతాం.

సోలాపూర్‌కు రైలు 1860లోనే వచ్చింది. 1871లో రాయచూర్ దగ్గర మద్రాసు వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. అంటే బొంబాయి, మద్రాసు కలిసిపోయాయి గాని హైదరాబాద్ మాత్రం పక్కన ఉండిపోయింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం సొమ్ముతో పట్టాలు వేశారు. సుమారు 190 కిలోమీటర్ల ఆ ముక్క లేకపోతే ఈ రోజు మనం ఇక్కడ ఇంతమందిమి ఉండేవాళ్లం కాదు. నెల రోజుల నడక రెండు రోజుల లోపు ప్రయాణమైంది. వాడిలో దిగి, మద్రాసు మెయిలు కోసం పడిగాపులు కాసి, జనంతో తోసుకుని ఎక్కడం. మా ఇళ్లలో అమ్మమ్మలు ఎవరినైనా "వాడి టేషన్ల కూసున్నట్టు కూసున్నవేందిరా" అని తిట్టేవాళ్లు. ఏదో సామెత అనుకునేవాళ్లం.

పట్టాలు పడి రెండేళ్లు తిరిగేసరికి 1876–78 కరువు వచ్చింది. దక్కన్ అంతా మాడిపోయింది. నడవలేనివాళ్లను కూడా రైలు మోసుకొచ్చింది. మరో వైపు మిల్లు బట్ట వచ్చి మగ్గాన్ని మింగింది. పద్మశాలీలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి ఈ పట్టాలు పట్టుకునే కదిలారు. సోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో మొదలైంది. కొందరు అక్కడే దిగిపోయారు, కొందరు బొంబాయి దాకా వచ్చి పరేల్, వర్లీ గిరణీల్లో చేరారు, తర్వాత తరంలో మరికొందరు భివండీ పవర్‌లూమ్‌లు పట్టుకున్నారు. సోలాపూర్ బొంబాయికి రైల్లో 455 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 335. తెలుగు ఎంత, మరాఠీ ఎంత అని సోలాపూర్ వాళ్లను అడిగితే ఈ రెండు అంకెలే జవాబు అనిపిస్తుంది మాకు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. దూరం మారితే సరిపోదు, గడియారం కూడా మారాలి. ఆ రోజుల్లో రైళ్లు మద్రాసు టైం మీద నడిచేవి. బొంబాయి మాత్రం తన సూర్యుడి టైం మీద నడిచేది, అది మద్రాసు కన్నా అరగంట వెనక. ఊర్లో గడియారం ఆరు కొడితే స్టేషన్ గడియారం ఆరున్నర. ఆ సంగతి తెలియని కొత్తవాళ్లు తమ లెక్కన ముందే వచ్చామనుకుంటూ వెళ్లి బండి తప్పించుకునేవాళ్లు. 1906లో దేశమంతటికీ ఒకే టైం పెట్టినా బొంబాయి మునిసిపాలిటీ పంతం పట్టి 1955 దాకా బొంబాయి టైం వదల్లేదు. అది దేశం టైం కన్నా 39 నిమిషాలు వెనక. మిల్లు భోంగా ఏ టైమో, లోకల్ బండి ఏ టైమో, పిల్లల బడి ఏ టైమో చూసుకుని బతికారు మనవాళ్లు.

ఆ తేడా ఇప్పుడు గడియారంలో లేదు గాని ఆకాశంలో ఉంది. హైదరాబాద్‌కు సూర్యుడు ముంబై నెత్తి మీదికి వచ్చే ముందు 22 నిమిషాలు వస్తాడు. పంచాంగంలో తిథి ఘడియలు అక్కడి సూర్యోదయంతో లెక్కగట్టినవి తెచ్చి ఇక్కడ చదువుకుంటే ఒక్కోసారి పండుగ ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ప్రతి ఏడూ వాట్సప్ గ్రూపులో జరిగే గొడవలకు సగం కారణం ఇదే. సూర్యోదయం వేళకు ఏ తిథి ఉందన్నదే లెక్క కదా, తిథి ఆ 22 నిమిషాల సందులో మారితే అక్కడొక రోజు, ఇక్కడొక రోజు. ఎవరూ తప్పు కాదు, కాబట్టి వచ్చే ఉగాదికైనా కొట్టుకోకుండా ఉందాం.

గడియారమొకటే కాదు, డబ్బూ వేరే. హైదరాబాద్ రాజ్యంలో హాలీ సిక్కా, బొంబాయిలో కల్దార్ రూపాయి. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. తపాలా బిళ్లలు కూడా నిజాంవి వేరు. బొంబాయి గిరణీలో సంపాదించింది ఊరికి చేరేసరికి లెక్క మారేది, మనవైపు లాభంగానే. ఆరు పంపితే ఏడు చేరినట్టు ఇంట్లోవాళ్లకు సంబరం. 1948 తర్వాత రాజ్యం కలిసింది, కొన్నేళ్లకు సిక్కా కూడా పోయింది.

ఇప్పుడు విమానాల దగ్గరికి వద్దాం.

1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి తపాలా సంచులతో ఒక చిన్న పస్ మాత్ విమానాన్ని నడుపుకుంటూ అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి మద్రాసు దాకా నడిపింది నెవిల్ విన్సెంట్. ఆయన రాత్రికి ఆగింది ఎక్కడో తెలుసా? బళ్లారిలో. అప్పుడు బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉంది, బజారులో తెలుగు, కన్నడం సమానంగా వినిపించే ఊరు. కర్ణాటక నుంచి మన పోస్టులు చదివే బంధువులు ఈ సంగతి గట్టిగా చెప్పుకోవచ్చు: ఈ వైపు వచ్చిన ఆ మొదటి టాటా తపాలా విమానం రాత్రి పడుకుంది మీ ఊళ్లోనే. గీత గీసి చూస్తే బొంబాయి నుంచి బళ్లారికి, హైదరాబాద్‌కు దూరం దాదాపు సమానం. గంటకు 160 కిలోమీటర్లు పోయే ఆ విమానానికి నాలుగు గంటల పని. కొన్నాళ్లకు ఆ తపాలా దారి బళ్లారికి బదులు హైదరాబాద్ మీదుగా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు, బేగంపేట దాని ఇల్లు, డకోటాలు దాని బండ్లు. 1953లో అన్ని కంపెనీలతో పాటు అది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా వేగం గంటకు 270, 280 కిలోమీటర్లు. అంటే బొంబాయికి రెండున్నర గంటల లెక్క.

కానీ ఎవరికి రెండున్నర గంటలు? ఆఫీసర్లకు, నవాబులకు, మిల్లు యజమానులకు. మిల్లులో నూలు కండెలు మార్చేవాళ్లకు ఆ విమానం శాంతాక్రూజ్ మీదుగా పోతూ చాళ్ పైకప్పు మీద నీడ పరిచే వస్తువు మాత్రమే. తమాషా ఏమిటంటే మన వాడల్లో మొదట విమానం ఎక్కినవాళ్లు హైదరాబాద్ పోవడానికి ఎక్కలేదు, గల్ఫ్ పోవడానికి ఎక్కారు. "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని తెలంగాణలో ఒక మాట ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు బొంబాయికి వచ్చి, ఏజెంటు చుట్టూ తిరుగుతూ, మన ఖోలీల్లో నెలల తరబడి పడుకుని, వీసా వస్తే సహార్‌లో విమానమెక్కేవాళ్లు. ఊరి నుంచి బొంబాయికి రెండు రోజులు, బొంబాయి నుంచి దుబాయికి మూడు గంటలు. పది మంది పట్టే ఖోలీలో పదిహేను మందికి అన్నం వండిన అక్కలు, వదినెలు ఈ పోస్టు చదువుతున్నారు. వాళ్లకు ఏ సంఘమూ శాలువా కప్పలేదు, మనతో సహా.

1982 జనవరిలో మిల్లు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది రోడ్డున పడ్డారు. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. మనవాళ్లలో కొందరు ఊరికి తిరిగిపోయారు, కొందరు భివండీకి మారారు. పవర్‌లూమ్ పని నేర్చుకుని సిరిసిల్లకు తిరిగిపోయి అక్కడ సాంచాలు పెట్టినవాళ్లున్నారు. ఆ కాలంలోనే బస్సులు పెరిగాయి. పాలమూరు, నారాయణపేట, జగిత్యాల వైపు నుంచి బొంబాయి బస్సు. సీటు కింద బియ్యం మూట, నెత్తి మీద పచ్చడి జాడీ, జహీరాబాద్ దాటాక ధాబా. రైలు నగరానికి పోతుంది, బస్సు ఊరికి పోతుంది. మనకు బస్సు మీద అంత ప్రేమ అందుకే.

2003 తర్వాత చవక విమానాలు వచ్చాయి. 2008 మార్చిలో బేగంపేట మూతపడి శంషాబాద్ తెరుచుకుంది. రెండోది మన కథలో చిన్న విషయం కాదు. శంషాబాద్ నగరానికి దక్షిణాన ఉంది. పాలమూరు వాళ్లకు విమానం దిగితే హైదరాబాద్ అడ్డం లేదు, జాతీయ రహదారి పట్టుకుంటే గంటన్నరలో మహబూబ్‌నగర్. అదే జగిత్యాల, సిరిసిల్ల వాళ్లకు ఔటర్ రింగు చుట్టి ఉత్తరానికి తిరిగి ఇంకో నాలుగైదు గంటలు. ఒకే టికెట్టు, ఒకే 1 గంట 25 నిమిషాలు, కానీ ఒకరికి ఊరు దగ్గరైంది, ఒకరికి కాలేదు.

ఆ గంటా ఇరవై ఐదు నిమిషాల సంగతి కూడా కాస్త విప్పుదాం. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్‌కు 620 కిలోమీటర్లు ముప్పావు గంట పని కదా, మిగతాదేమిటి అని ఒక తమ్ముడు అడిగాడు. టికెట్టు మీద రాసేది గాలిలో ఉన్న కాలం కాదు. అక్కడ గేటు నుంచి కదిలిన నిమిషం మొదలు ఇక్కడ గేటు దగ్గర ఆగే దాకా. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడటం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోనే. ముంబైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, అందుకని ఒక సమయంలో ఒకటే వాడతారు. దిగే వంతు వచ్చేదాకా విమానం సముద్రం మీదో కొండల మీదో చక్కర్లు కొడుతుంది. నవీ ముంబైలో కొత్తది వచ్చింది, చూద్దాం.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది. చలికాలంలో పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, హైదరాబాద్ పోయేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు ఆపుతుంది. వానాకాలంలో తలకిందులు. దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఒక బలమైన గాలి ప్రవాహం పరుగెత్తుతుంది. దాన్ని 1950లలో గుర్తించి లోకానికి చెప్పినవాడు నెల్లూరులో పుట్టిన పంచేటి కోటేశ్వరం గారు, తర్వాత దేశ వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఆషాఢంలో ఊరి నుంచి ముంబైకి విమానం ఐదు నిమిషాలు ముందే దిగితే పైలట్‌ని మెచ్చుకోండి, గాలిని కూడా తలుచుకోండి.

ఇంత చెప్పాక అసలు మాట. మన పెద్దలు దూరాన్ని కొలిచింది ఆమడలతోనూ కాదు, గంటలతోనూ కాదు. మట్టికి అందుతామా లేదా, అది వాళ్ల కొలత.

ఊర్లో తండ్రి పోతే కొడుకుకు టెలిగ్రాం వచ్చేది. "తండ్రి సీరియస్, వెంటనే బయల్దేరు" అని. పోయాడని రాయరు, అయినా అందరికీ తెలుసు. మిల్లులో సెలవు అడిగి, అప్పు చేసి, రాత్రి బండి పట్టుకుని, సికింద్రాబాద్‌లో దిగి, బస్సెక్కి, బస్సు పోని ఊరైతే నడిచి చేరేసరికి రెండో రోజు సాయంత్రం. అప్పటికి అయిపోయేది. మూడో రోజు పిట్టకు పెట్టే వేళకు చేరితే అదే అదృష్టం. కొడుకు ఉండగా తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టిన ఇళ్లు మన వాడలో ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టలేం. చాళ్‌లో అలాంటి మగవాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా తాగినప్పుడు ఆ ఒక్క మాటే చెప్పి ఏడ్చేవాళ్లు. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. ఆ కాగితం చూస్తే చేతులు వణికే తరం ఇంకా మన మధ్య ఉంది.

ఆడవాళ్ల సంగతి వేరు. తల్లి పోయిందని తెలిసినా పిల్లల్ని వదిలి ఒంటరిగా రాత్రి బండి ఎక్కలేని ఆడబిడ్డలు ఇక్కడే నల్లా దగ్గర స్నానం చేసి, ఊరి దిక్కు తిరిగి మొక్కి, మళ్లీ పొయ్యి ముట్టించారు. ఆ ఆడబిడ్డల మనవరాళ్లు ఇప్పుడు రాత్రి పదింటికి కబురొస్తే ఫోన్‌లో టికెట్టు కొని పొద్దున ఆరింటి విమానంలో ఉంటున్నారు. పాలమూరు వైపైతే పది గంటలకల్లా ఇంటి ముందు. దీన్ని మించిన మార్పు ఈ రెండు వందల ఏళ్లలో జరగలేదని మా అభిప్రాయం.

అయితే 2020 మార్చిలో ఏమైందో కూడా మర్చిపోవద్దు. 22న ప్రయాణికుల రైళ్లు ఆగాయి, 25 నుంచి దేశంలో విమానాలు ఆగాయి, మళ్లీ మే 25 దాకా ఎగరలేదు. ఆ రెండు నెలలు ముంబై, భివండీ నుంచి మనవాళ్లలో కూలి చేసుకునేవాళ్లు రోడ్డు పట్టారు. పన్వేల్, ఖండాలా, పుణె, సోలాపూర్. దొరికితే లారీ, లేకపోతే నడక. 55 ఆమడలు మళ్లీ 55 ఆమడలయ్యాయి. దారిలో సోలాపూర్ తెలుగువాళ్లు అన్నం పొట్లాలు పెట్టారని వచ్చినవాళ్లు చెప్పారు, ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఇప్పుడు సంఘం డబ్బు సంగతి. ఊర్లో తల్లీతండ్రీ పోతే ఇక్కడి సభ్యులకు అప్పటికప్పుడు ప్రయాణం ఖర్చు ఇచ్చే నిధి మనకు తాతల కాలం నుంచి ఉంది. దాని లెక్క ఈ రోజుకీ రైలు టికెట్టు మీదే నడుస్తోంది. మార్చాలని యువకులు అంటున్నారు: "ఊరు గంటన్నర దూరం, ఇంకా రైలు లెక్కేంది కాకా?" పెద్దలు అంటున్నారు: "గంటన్నరల ఊరొస్తదా బిడ్డా, శంషాబాదొస్తది." ఇద్దరి మాటా నిజమే. పైగా ఆ రాత్రి కొనే టికెట్టు మామూలు ధరకు దొరకదు, నెల ముందు కొన్నవాడి ధరకు రెండింతలో మూడింతలో ఉంటుంది. చావు నెల ముందు చెప్పి రాదు కదా.

మా నలుగురి సూచన ఇది. లెక్క విమానానికీ వద్దు, రైలుకూ వద్దు. గడప నుంచి గడప దాకా కట్టాలి. ఇక్కడి ఇంటి నుంచి విమానాశ్రయానికి బండి, ఆ రాత్రి దొరికిన టికెట్టు, అక్కడ దిగాక ఊరి దాకా బండి. మహబూబ్‌నగర్ వాళ్లకు ఒక మొత్తం, జగిత్యాల వాళ్లకు ఇంకో మొత్తం. కొడుకైనా కూతురైనా ఒకటే. పాత నియమంలో "కుమారుడు" అని ఉంది, ఆ మాట కొట్టేయాలి. మన సభ్యుల ఊళ్ల జాబితా రాస్తున్నాం, ఇప్పటికి సగం అయింది. మీ ఊరి పేరు, మండలం, శంషాబాద్ నుంచి ఎన్ని గంటలు పడుతుందో కింద రాయండి. పాత టెలిగ్రాం కాగితాలు, బొంబాయి బస్సు టికెట్లు ఎవరి పెట్టెలోనైనా ఉంటే ఆదివారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా సంఘం గదిలో ఉంటాం, తీసుకురండి. ఫొటో తీసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.